వేడినీళ్ళ కనెక్షన్

సోమవారం పొద్దున పదిగంటలకి ఇస్సాకు గంగాధరరావుగారి మేడమీద గొంతుక్కూర్చుని, సోలార్ ట్యాంకు దగ్గర కారుతున్న వాల్వుకి టేపు చుడుతున్నాడు. కింద పెరట్లో అతని అక్క విక్టోరియా అంట్లు తోముతోంది. కొబ్బరిపీచు గిన్నెల మీద తిరిగే చప్పుడు మేడమీదికి వినిపిస్తూనే ఉంది. అక్కకి కింద, తమ్ముడికి పైన, ఒకే ఇంట్లో ఒకే పూట పని పడడం ఎప్పుడోగాని జరగదు. పని అయ్యాక ఇద్దరూ కలిసి ఇంటికి నడిచి వెళ్ళొచ్చని ఇస్సాకు అనుకుంటున్నాడు.

ఇంతలో పీచు చప్పుడు ఆగిపోయింది.

"ఏదీ, చేతులిలా చాపు" అంది ఇంటావిడ రాజ్యం గొంతు.

ఇస్సాకు పిట్టగోడ మీంచి తొంగిచూశాడు. రాజ్యం వెనకగుమ్మంలో నిలబడి ఉంది. పక్కింటి ప్రభావతి కూడా పక్కనే ఉంది. విక్టోరియా పీటమీంచి లేచి, చేతులు చీరకి తుడుచుకుని, ఇస్కూల్లో బెత్తం దెబ్బకి చాపినట్టు రెండు అరచేతులూ చాపింది.

"చూడండి ప్రభావతిగారూ. వేళ్ళ సందులన్నీ ఎలా పాచిపోయాయో! తోలు ఊడొస్తోంది. ఈ చేతులు ముట్టిన కంచాల్లో మనం అన్నం ఎలా తింటామండీ? అందులోనూ కడుపుతో ఉన్న కోడలు రేపో మాపో ఇంటికొస్తోంది."

"అవునండోయ్. చూస్తుంటేనే ఏదోలా ఉంది" అంది ప్రభావతి.

"సబ్బు పడట్లేదండి అమ్మగారూ" అంది విక్టోరియా. "ఆయింటుమెంటు రాస్తున్నానండి. నాలుగు రోజుల్లో తగ్గిపోద్దండి."

"నాలుగు రోజులూ వద్దు, ఏమీ వద్దు. మా అబ్బాయి హేమంత్ హైదరాబాదు నుంచి అంట్లు తోమే మిషన్ పంపించాడు. గురువారం వచ్చేస్తుంది. రేపట్నించి నువ్వు రానక్కర్లేదులే."

పదకొండేళ్ళుగా ఆ సబ్బు కొన్నది ఎవరు, ఆ తొట్టిలో ఆ చేతుల్ని నానబెట్టింది ఎవరు అని అక్కడ ఎవరూ అడగలేదు. విక్టోరియా కూడా అడగలేదు. "అలాగేనండి" అంది. మళ్ళీ పీటమీద కూర్చుని, మిగిలిన గిన్నెలు కూడా తోమింది. వెళ్ళిపొమ్మన్నారు కదా అని సగంలో వదిలేసే రకం కాదు ఆవిడ. అన్నీ కడిగి గట్టుమీద వరసగా బోర్లించి, తొట్టి ఎత్తి నీళ్ళు పారబోసి, పీటని గోడకి ఆనించింది.

ఆవిడ గేటు దాటకముందే రాజ్యం చెంబుతో నీళ్ళు తెచ్చి గిన్నెలన్నింటి మీదా పోసింది. అది ఆ ఇంటి ఆచారం. పనిమనిషి తోమిన గిన్నెల మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోస్తేగాని అవి వంటింట్లోకి రావు. పదకొండేళ్ళుగా రోజుకి రెండుపూటలా జరుగుతున్నదే. ఇస్సాకు ఎన్నోసార్లు చూశాడు. ఆ రోజు మాత్రం ఆ నీళ్ళు తన మొహాన కొట్టినట్టయింది.

రాజ్యం తలెత్తి చూసింది. "ఏం ఇస్సాకూ, అయిందా?"

చేతిలో స్పానర్ ఉంది. నోటినిండా మాటలున్నాయి.

"అయిపోతోందండి" అన్నాడు ఇస్సాకు.

ఆ ఒక్క మాటకి అతను తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకున్నాడో లెక్కలేదు. కిందికి దిగాక రాజ్యం ఇంకో మాట కూడా అంది. "మీ అక్కని మంచి డాక్టరుకి చూపించవయ్యా. అన్నట్టు ఆ మిషన్ నువ్వే బిగించాలి. మస్కట్‌లో ఇలాంటివి చాలా బిగించానన్నావుగా? ఈ ఏలూరులో ఇంకెవరికీ దాని సంగతి తెలీదట."

"వస్తానండి" అన్నాడు ఇస్సాకు. అప్పటికే అతని బుర్రలో ఏదో తిరగడం మొదలైంది.

*

విక్టోరియాదీ ఇస్సాకుదీ చర్చి వెనక పక్కపక్క ఇళ్ళు. సాయంత్రం ఆవిడ అరుగుమీద కూర్చుని, కాంపౌండరు ఇచ్చిన ఊదారంగు మందుని దూదితో వేళ్ళ సందుల్లో అద్దుకుంటోంది. మంటకి అప్పుడప్పుడు పెదవి బిగిస్తోంది. నెలరోజులు నీళ్ళల్లో చెయ్యి పెట్టొద్దన్నాడట కాంపౌండరు.

"పదకొండేళ్ళు అక్కా!" అన్నాడు ఇస్సాకు. అప్పటికి నాలుగోసారి. "నీకు జొరమొచ్చినప్పుడు కూడా మానలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు పదకొండు రోజులూ చుట్టాలందరి అంట్లూ నువ్వే తోమావు. ఆవిడ నిన్ను పక్కింటావిడ ముందు పశువుని చూపించినట్టు చూపిస్తుందా?"

"ఊరుకోరా."

"నీకు కోపం రాదా?"

విక్టోరియా దూదిని మందులో ముంచింది. "ఆ మిషన్‌లో ఎన్ని కంచాలు పడతాయిరా?" అని అడిగింది.

ఇస్సాకుకి ఒళ్ళు మండిపోయింది. కోపం రావలసిన మనిషి కంచాల లెక్క అడుగుతోంది. సరే, నీకు రాకపోతే నీ వాటా కోపం కూడా నేనే పడతాను అనుకున్నాడు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. చాపమీద పడుకుని, ఆ వంటింటి గోడ ఎక్కడ పగలగొట్టాలో, ఏ గొట్టం ఎక్కడినుంచి వస్తుందో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు.

*

గురువారం మిషన్ వచ్చింది. తెల్లగా, బీరువాలో సగం ఎత్తుంది. అట్టపెట్టె విప్పి, థర్మోకోలు తీసి, సింకు పక్కన పెట్టేసరికి గంటపట్టింది. గంగాధరరావుగారు మండవల్లి చేపల చెరువుల మీదికి వెళ్ళకుండా ఆ పూట ఇంట్లోనే ఉండిపోయారు. కుర్చీ వేసుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నారు. ఇస్సాకు వంటింట్లో అడుగుపెట్టే ముందు రాజ్యం పచ్చడి జాడీలు తీసి పక్కగదిలోకి చేర్చింది. సర్దుకోవడానికి అన్నట్టు చేసింది. ఇస్సాకు చూడనట్టు ఊరుకున్నాడు.

పని పెద్దదేమీ కాదు. సింకు కింద రెండు గొట్టాలున్నాయి. ఒకటి మామూలు ట్యాంకు నుంచి వచ్చే చల్లనీళ్ళది, రెండోది సోలార్ నుంచి వచ్చే వేడినీళ్ళది. రెండింట్లో ఏదో ఒకదానికి మూడు మూతుల టీ ఒకటి, యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయి ఒకటి బిగించి, మిషన్ గొట్టం తగిలించాలి. వాడిన నీళ్ళు పోయే గొట్టాన్ని సింకు డ్రైనులో కలపాలి. అంతే.

మిషన్‌తో వచ్చిన పుస్తకాన్ని ఇస్సాకు తిరగేశాడు. ఇంగ్లీషు అతనికి అంతంత మాత్రమే గాని, ఈ బొమ్మ మస్కట్‌లో వంద ఇళ్ళల్లో చూశాడు. కుళాయి బొమ్మ, దాని పక్కన అరవై అంకె. నీళ్ళు అరవై డిగ్రీలకి మించకూడదు. చల్లనీళ్ళిస్తే మిషన్ తనే మెల్లగా వేడిచేసుకుంటుంది. మరీ వేడినీళ్ళు ఒక్కసారిగా వస్తే ఎంగిలి కడుక్కుపోదు సరికదా, అన్నం మెతుకూ గుడ్డు సొనా కంచానికి ఉడికి అంటుకుపోతాయి. గొట్టం మెత్తబడుతుంది. లోపల వాల్వు మొరాయిస్తుంది. మే నెలలో మేడమీద సోలార్ నీళ్ళు ఎంత వేడో ఇస్సాకుకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. సోమవారమే వేలు కాల్చుకున్నాడు.

గంగాధరరావుగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "వేడినీళ్ళకే పెట్టవయ్యా ఇస్సాకూ. మిషన్ నీళ్ళు కాచుకోడానికి కరెంటు ఎందుకు తగలెయ్యడం? చెరువుల మీద మోటార్లకే ప్రాణం పోతోంది. దేవుడిచ్చిన ఎండ, ఊరికే వచ్చే వేడినీళ్ళు. జిడ్డు కూడా చక్కగా వదులుతుంది. హేమంత్‌ని ఫోన్లో అడిగాను. వేడైనా చల్లనైనా పర్లేదని పుస్తకంలో ఉందన్నాడు. నువ్వేమంటావు?"

హేమంత్ అబద్ధం చెప్పలేదు. ఆ అరవై అంకె చూసుకోలేదు, అంతే. చూసినా ఏలూరు ఎండలో తన తండ్రి మేడమీద నీళ్ళు ఏ వేడికి చేరతాయో హైదరాబాదులో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది?

ముప్ఫై ఏళ్ళ పనిలో ఇస్సాకు ఎవరికీ తప్పు సలహా ఇవ్వలేదు. వద్దన్నా వినని వాళ్ళ దగ్గర పనే మానుకున్నాడు గాని, తెలిసి తెలిసి తప్పు బిగింపు బిగించలేదు. ఆ పేరుతోనే ఇన్నాళ్ళూ బతికాడు. పుస్తకం మూసి స్టవ్ గట్టుమీద పెట్టాడు.

"వేడికి పెడితేనే మంచిదండి" అన్నాడు.

"అదీ! నేనన్నానా?" అని గంగాధరరావుగారు రాజ్యం వైపు చూశారు.

ఇస్సాకు ఎర్ర రింగున్న వేడినీళ్ళ గొట్టాన్ని కోశాడు. అంచులు నున్నగా గీకి, జిగురు పూసి, టీ ఎక్కించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా వదలకుండా పట్టుకున్నాడు. కసితో చేసిన పని కదా అని ఒక్క మెలిక కూడా అలుసుగా తిప్పలేదు. చుక్క కారలేదు. నీళ్ళు కారితే ప్లంబరుది తప్పు. కారకుండా పాడైతే ఎవరిది తప్పు? చెప్పినట్టే చేశానండి అనొచ్చు. ఆ మాట తలుచుకుంటేనే అతనికి నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టుంది.

మొదటిసారి మిషన్ బాగానే నడిచింది. గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు చల్లగా ఉండడం వల్ల కంచాలు మిలమిలా మెరిశాయి. రాజ్యం వాటిని గట్టుమీద పేర్చి, అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు తెచ్చి వాటిమీద పోసింది.

"మిషన్ తోమిన వాటికి కూడానా?" అన్నారు గంగాధరరావుగారు.

"మీకేం తెలుసు, ఊరుకోండి" అంది రాజ్యం. మరి ఆ మిషన్‌ది ఏ కులమనుకుందో ఆవిడకే తెలియాలి.

*

శుక్రవారం మధ్యాహ్నానికే ఫోనొచ్చింది. పప్పు కంచాలకి పిడకలా అంటుకుపోయిందట. ఇస్సాకు వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, తలుపు తీసి లోపలికి చూసి, గంభీరంగా తలాడించాడు. "కొత్త మిషన్ కదండి. అలవాటు పడాలండి" అన్నాడు.

"మిషన్‌కి అలవాటేంటయ్యా?"

"మనుషులకైనా పడుతుంది కదండి."

రాజ్యం ఆ కంచాల్ని గోటితో గీకి, సింకులో మళ్ళీ కడిగింది. ఆవిడ చేతిగాజులు సింకు అంచుకి కొట్టుకుంటుంటే ఇస్సాకు కావాలనే ఇంకో అయిదు నిమిషాలు స్క్రూలు బిగించినట్టు నటించాడు. ఆ చప్పుడు వినడం అతనికి ఎంత బాగుందో చెప్పలేం. దారిలో టీ తాగి, కొట్టువాడితో అక్కర్లేని కబుర్లు కూడా చెప్పాడు.

శనివారం ఉదయం గొట్టం మెత్తబడి ఉబ్బింది. మిషన్ మీద ఎర్రలైటు వెలిగి, ఇంక ఆరలేదు. విజయవాడ కంపెనీ కుర్రాడికి ఫోన్ చేస్తే మంగళవారం దాకా రాలేనన్నాడట. ఆదివారం కోడలు తేజశ్రీకి శ్రీమంతం. ఎనభై మంది భోజనాలు. తేజశ్రీ అప్పటికే హైదరాబాదు నుంచి వచ్చేసింది. వంటవాడు వచ్చి గాడిపొయ్యి తవ్వేశాడు.

"కంచాలు ఎనభైకి ఎనభై స్టీలువే తీశాను. ఇప్పుడెలా?" అని రాజ్యం నెత్తిన చేతులు పెట్టుకుంది. "విస్తళ్ళు వేద్దామంటే హేమంత్ ఒప్పుకోడు. మిషన్ కొన్నాక విస్తళ్ళేంటమ్మా, చూసినవాళ్ళు నవ్వుతారు అంటాడు."

ఇస్సాకు సానుభూతిగా మొహం పెట్టి ఇంటికొచ్చాడు. రోజంతా లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రానికి నవ్వు ఆగిపోయింది. చర్చి వెనక సందులోకి గంగాధరరావుగారి స్కూటరు వచ్చింది. ఆయన ఆ సందులోకి రావడం అదే మొదటిసారి. మురిక్కాలవ దాటడానికి పంచె కొంచెం పైకెత్తి, విక్టోరియా అరుగు ముందు నిలబడ్డారు. విక్టోరియా కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

"విక్టోరియా, ఆ దిక్కుమాలిన మిషన్ ఆగిపోయింది. రేపొక్కరోజు వచ్చి సాయం చెయ్యి. అమ్మగారు నీకు గ్లౌజులు కూడా తెప్పించింది. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం. మళ్ళీ పెట్టుకోమనే చెప్తానులే."

విక్టోరియా ఆ కుర్చీని పక్కకి జరిపింది. "రేపు ఆరాధన అయ్యాక వస్తానండి" అంది.

స్కూటరు సందు మలుపు తిరిగాక ఇస్సాకు తన గుమ్మంలోంచి ఒక్క ఉరుకున వచ్చాడు. "ఏంటక్కా, వస్తానన్నావు? కాంపౌండరు ఏం చెప్పాడు? ఎనభై మంది అంట్లు! వాళ్ళు పడాలి అని నేను ఇంత చేస్తే..."

"ఏం చేశావు?"

దాచుకోలేకపోయాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. మూడురోజులుగా ఈ మాట ఆవిడకే చెప్పాలని ఉంది అతనికి. వేడినీళ్ళ గొట్టం, అరవై డిగ్రీలు, మంచిదండి అని చెప్పిన అబద్ధం, అన్నీ గడగడా చెప్పేశాడు. చెప్పి, మెచ్చుకుంటుందేమోనని ఆవిడ మొహంలోకి చూశాడు.

విక్టోరియా మొహం ఎర్రబడింది. మందు రాసుకున్న చెయ్యి ఎత్తి అతని భుజం మీద ఒక్కటి చరిచింది. చొక్కామీద ఊదారంగు వేళ్ళు పడ్డాయి.

"ఎవరికోసం చేశావురా?"

"నీకోసమే."

"నాకోసమైతే సోమవారం మేడ దిగి ఉండేవాడివి."

ఇస్సాకు చొక్కామీది రంగు తుడుచుకోబోయాడు.

"నేను తలెత్తి చూశాను. నువ్వు పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నావు. అయిపోతోందండి అన్నావు. నేను విన్నాను" అంది విక్టోరియా. గొంతు పెద్దది చెయ్యలేదు. "నాకు కోపం రాదనుకున్నావా? రాత్రిళ్ళు పళ్ళు కొరుక్కుంటున్నాను. కానీ నువ్వు చేసిందేంటి? వాళ్ళకి సాకు తయారుచేసి పెట్టావు. మిషన్ పాడైంది, అందుకని విక్టోరియాని పిలిచాం అంటారు. మిషన్ బాగైన రోజున మళ్ళీ పొమ్మంటారు. నేను మిషన్‌కి బదులు మనిషినా?"

"మరి వెళ్తానన్నావెందుకు?"

"నువ్వు రేపు పొద్దున్నే వెళ్ళి దాన్ని చల్లనీళ్ళకి మార్చు. బాగా నడవాలి. ఒక్క మెతుకు కూడా మిగలకూడదు."

"అది నడిస్తే నిన్నెందుకు రానిస్తారే?"

"అదే చూడాలనుంది నాకు" అంది విక్టోరియా. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

*

ఆదివారం ఆరున్నరకే ఇస్సాకు వాళ్ళ గేటు ముందున్నాడు. సామాన్ల సంచితోపాటు కొత్త గొట్టం, రెండు రబ్బరు వాషర్లు తెచ్చాడు. పందిరి కింద వంటవాడు పులిహోరకి చింతపండు పిసుకుతున్నాడు. ఇస్సాకు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఉబ్బిన గొట్టం విప్పేశాడు. వేడి కాక్‌కి మూత బిగించాడు. కుడివైపు చల్లనీళ్ళ గొట్టం కోసి టీ ఎక్కించాడు. మిషన్ లోపల కాలిపోయిందేమీ లేదు. వేడెక్కువై తనంతట తను ఆగింది, అంతే. స్విచ్చి తీసి, కాసేపు ఆగి, మళ్ళీ వేసేసరికి ఎర్రలైటు ఆరి పచ్చలైటు వచ్చింది. నీళ్ళు లోపలికి దిగుతున్న చప్పుడు వినబడింది.

గంగాధరరావుగారు టవలు భుజాన వేసుకుని పరుగున వచ్చారు. "నడుస్తోందే! ఏం చేశావయ్యా?"

"చల్లనీళ్ళకి మార్చానండి."

"మరి ఆ రోజు వేడికే మంచిదన్నావు?"

ఇస్సాకు స్పానర్ కింద పెట్టాడు. తెలీక అన్నానండి అంటే అక్కడితో అయిపోతుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ మేడమీద నిలబడి అన్న మాట ఒకటి అప్పటికే ఉంది, దానికి ఇంకోటి కలపడానికి మనసొప్పలేదు.

"తెలిసే అన్నానండి" అన్నాడు. "ఈ ఎండలకి సోలార్ నీళ్ళు దీనికి పనికిరావని నాకు తెలుసండి. మా అక్కని మీరు పదకొండేళ్ళు వాడుకుని, మీ ఇంట్లో పాడైన చేతుల్ని పక్కింటావిడకి చూపించి పొమ్మన్నారండి. నేను మేడమీద ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేక ఇలా చేశానండి."

గుమ్మం దగ్గర రాజ్యం పట్టుచీర సగం కట్టుకుని నిలబడిపోయింది.

"ఎంత పని చేశావురా!" అన్నారు గంగాధరరావుగారు. "మేం నిన్ను నమ్మి వంటింట్లోకి రానిచ్చాం. నడువు. ఇంకెప్పుడూ నా గేటు తొక్కకు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ నీకు పని లేకుండా చేస్తాను, చూస్తూ ఉండు."

"అలాగేనండి" అన్నాడు ఇస్సాకు. కింద పడిన గొట్టం ముక్కలు ఏరి, నేలమీద తడి గుడ్డతో తుడిచి, సామాన్లు సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. కానీ ముప్ఫై ఏళ్ళ పేరు ఆ పూటతో పోయిందని అతనికి తెలుసు.

*

ఆరాధన ఒంటిగంటకి అయింది. విక్టోరియా ఇంటికి కూడా వెళ్ళలేదు. తెల్లచీరతో, చేతిలో పాటల పుస్తకంతో తిన్నగా గంగాధరరావుగారింటికి నడిచింది. ఇస్సాకు సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్ళి, గేటు బయట ఆగిపోయాడు. పక్కసందు వైపున్న గేటు కావడంతో అక్కణ్ణించి పెరడంతా కనిపిస్తోంది.

లోపల బంతుల మీద బంతులు లేచాయి. మిషన్ పొద్దున్నుంచి నడుస్తూనే ఉంది. గట్టుమీద కంచాలు కట్టలు కట్టలుగా మెరుస్తున్నాయి. ఆ కంచాల పక్కన, అంట్ల గట్టు కింద, గుండిగలు పడి ఉన్నాయి. పులిహోర గుండిగ, అన్నం గుండిగలు రెండు, అడుగంటిన పరమాన్నం గుండిగ, బూరెలు వేయించిన ఇనప మూకుడు, సాంబారు డేగిశా. మనిషి కూర్చుంటే మునిగిపోయేంత గుండిగలు. వంటవాడు వండి, తన గరిటెలు తను కడుక్కుని వెళ్ళిపోయాడు. తోమడం అతని పని కాదు.

రాజ్యం విక్టోరియాని చూసి ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చింది. వెనక ప్రభావతి, ఇంకో పదిమంది పేరంటాళ్ళు, పూలజడతో తేజశ్రీ పెరట్లోకి వచ్చారు. పొద్దున జరిగింది రాజ్యం ఎవరికీ చెప్పినట్టు లేదు.

"వచ్చావా తల్లీ! ఇదిగో, నీకోసం గ్లౌజులు. ఆ తెల్లచీరతో ఎలా తోముతావే? లోపల పాత చీర ఏదైనా ఇస్తానుండు."

విక్టోరియా గ్లౌజులు అందుకోలేదు. "మిషన్ నడుస్తోందాండి అమ్మగారూ?"

"ఆఁ, నడుస్తోంది. కంచాలూ గ్లాసులూ అన్నీ అదే తోమేసింది. నీకు ఆ బాధ లేదు. ఇవిగో, ఈ గుండిగలే. ఇవి అందులో పట్టవు కదా."

"అంటే మిషన్ బాగుండి కూడా నన్ను పిలిచారండి."

"మరి ఎవర్ని పిలుస్తాం? ఇవి మనిషి తోమాల్సినవే కదా."

"అవునండి" అంది విక్టోరియా. గొంతులో ఎక్కడా మర్యాద తప్పలేదు. "మనిషే తోమాలండి. నన్ను నెలరోజులు నీళ్ళల్లో చెయ్యి పెట్టొద్దన్నారండి కాంపౌండరుగారు. నేను తోమనండి."

రాజ్యానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. "తోమవా? తోమనిదానివి ఎందుకొచ్చావే మరి?"

విక్టోరియా పేరంటాళ్ళందరి వైపూ ఒకసారి చూసింది. ప్రభావతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది.

"పొమ్మన్నప్పుడు నలుగురి ముందే పొమ్మన్నారు కదండి. పిలిచినప్పుడు కూడా నలుగురూ వినాలని వచ్చానండి. నేను తోమనన్నది కూడా విన్నారు. అంతేనండి." తేజశ్రీ వైపు తిరిగింది. "సుఖంగా కాన్పవ్వాలమ్మా. ప్రార్థన చేస్తాను."

వెనక్కి తిరిగి, తొందర పడకుండా గేటువైపు నడిచింది. పేరంటాళ్ళలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ ఎందుకండీ ఏమైందండీ అని ప్రభావతిని గుచ్చిగుచ్చి అడుగుతోంది. రాజ్యం గ్లౌజులు పట్టుకుని గుండిగల మధ్య అలాగే నిలబడి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

విక్టోరియా గేటు దాటి ఇస్సాకు దగ్గరికి వచ్చింది. సైకిలు హేండిల్ పట్టుకుని ఆగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. కానీ అంత నిండుగా ఉన్న మొహాన్ని అతను తన అక్కకి పెళ్ళినాడు కూడా చూడలేదు.

"పోదామా?" అన్నాడు.

"ఉండరా. ఒక్క నిమిషం."

ఇంతలో గంగాధరరావుగారు చెప్పులైనా లేకుండా గేటు దగ్గరికి వచ్చారు. పొద్దున అన్న మాటలు ఆయన మర్చిపోయినట్టున్నారు, లేదా మర్చిపోక తప్పలేదు. విక్టోరియా మొహంలోకి చూడలేక ఇస్సాకు వైపే చూశారు.

"ఇస్సాకూ, ఒక్క మాట చెప్పవయ్యా. కంచాలు పెట్టే ఆ లోపలి జల్లెడలు రెండూ తీసేస్తే మిషన్‌లో గుండిగ పట్టదా? నీకు తెలుసు కదా దాని సంగతి. ఏదో దారి ఉంటుంది, నిజం చెప్పు."

ఇస్సాకు సైకిలు స్టాండు తీశాడు.

"లేదండి" అన్నాడు. "అవి చేత్తోనే తోమాలండి. తొందరగా మొదలుపెట్టండి, పరమాన్నం ఎండిపోతే ఇంక రాదండి."